ఇసకలో పేలిన పూలు

పోయిన వారం గురువమ్మను వాకిట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి మనం వచ్చేశాం. మనకేం, పుస్తకం మూసి మన పనుల్లో పడ్డాం. ఆవిడ మాత్రం ఆ పొగలోనే ఉంది, మూతి బిగించుకుని. ఎందుకు బిగించుకుందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే కథలో అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

కొరాపుట్ తెలుగు వీధిలో పోలమ్మ తల్లి పండగంటే ఘటమే. పసుపు పూసి వేపమండలు కట్టిన ఆ కుండలోకి తల్లి దిగి రావాలంటే ముందు పిలుపు పాట పాడాలి. ఆ పాట శ్రీకాకుళం పల్లెల నుంచి చేటలతో, చీపుళ్ళతో పాటు కొండెక్కి వచ్చింది. గురువమ్మకి వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. వీధిలో ఇంకెవరికీ రాదు. కరోనా రెండో ఏడు జబ్బు వీధిలో కాలు పెట్టకూడదని గురువమ్మ గొంతు చిరిగేలా పాడింది. వీధి మిగిలింది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు జయంతి మిగల్లేదు. అప్పటి నియమం ప్రకారం శవాన్ని సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు. కన్నతల్లి కడసారి ముఖం చూడలేదు, దారిన పేలాలు చల్లలేదు, సాగనంపే పాట పాడలేదు. ఆనాటితో గురువమ్మ నోట పాట ఆగిపోయింది.

జయంతి మొగుడు తిరుపతిరావు వీధికంతటికీ డప్పు వాయించేవాడు. "ఊరందరి కోసం అడిగింది గానీ నా పెళ్ళాం కోసం అడగలేదు" అని అత్తగారితో మాట మానేసి, డప్పు అటకెక్కించి రాయగడ వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. పాటా లేక, డప్పూ లేక ఇన్నేళ్ళూ ఘటం లేవలేదు. ఈ ఏడు వీధి పెద్ద అప్పలనరసింహం తేల్చి చెప్పేశాడు. పండగ నాడు పొద్దు గుంకేలోపల పాట రాకపోతే ఘటాన్ని కొలాబ్ ఏటి నీళ్ళలో కలిపేస్తారు. పండగ అంతటితో సరి.

ఇల్లు అలకగానే పండగైపోతుందా? పందిరి లేచింది, రంగు బల్బులు వెలిగాయి, తిరుపతిరావు కూడా పెద్దాయన కబురు పెడితే పొద్దున రైలుకి వచ్చి, డప్పు దించుకుని పందిరి గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. పాడాల్సిన మనిషి మాత్రం పొయ్యి ముందు మంగలంలో ఇసక పోసి, అది కాలాక మొక్కజొన్నలు వేసి పేలాలు వేయిస్తోంది. పాడనంటే పాడనంది గానీ తల్లికి పేలాలు వేయించడం ఏనాడూ మానలేదు. అదేమని అడిగితే, "ఆకలేసినోళ్ళకి కూడెట్టడం ఏరు, పిలిసి పీటెయ్యడం ఏరు" అంటుంది.

సరిగ్గా అప్పుడే, మీకు గుర్తుంటే, జయంతి కూతురు సుభశ్రీ ఒక మనిషిని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

సుభశ్రీకి దసమంతపూర్ కొండల్లో పండే కాఫీ గింజల్ని ఎండబెట్టి, ఏరి, రుచి చూసే షెడ్డులో ఉద్యోగం. వెంట వచ్చినావిడ పేరు రొజాంజెలా. బ్రెజిల్‌లో సాల్వడోర్ అనే సముద్రపు ఊరామె. గింజలు ఎండబెట్టడంలో మెళకువలు చెప్పడానికి ఆ షెడ్డుకి వచ్చింది. నల్లగా, నిండుగా, తాటిచెట్టంత ఎత్తు మనిషి, తలకి తెల్లగుడ్డ చుట్టుకుంది. నోట్లో నువ్వుగింజ నానని పక్కింటి బుల్లి అప్పటికే వీధి చివరిదాకా పరిగెత్తి కబురు చెప్పి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆవిడకి రోజమ్మ అని పేరు కూడా పెట్టేసింది.

"అమ్మమ్మా, రోజమ్మగారు మన పండగ సూస్తానన్నారు" అంది సుభశ్రీ.

"సూడమను. కూకోడానికి పీటెయ్యి" అంది గురువమ్మ, తలెత్తకుండానే.

రోజమ్మ కూర్చోలేదు. మంగలం వైపే చూస్తూ ఉండిపోయింది. కాలిన ఇసకలో గింజ చిటుక్కుమని పగలడం, తెల్లగా విచ్చుకుని పైకెగరడం, గురువమ్మ చీపురు పుల్లల కట్టతో వాటిని చేటలోకి తోయడం, ఇసక కిందికి రాలడం. ఏం వింత ఇది, ఏ కొట్లోనైనా పేలాలు అమ్ముతారు కదా అనుకుంది సుభశ్రీ. రోజమ్మ మాత్రం చెప్పులు విప్పేసింది. చేట ముందు మోకాళ్ళ మీద కూలబడింది. అరచేతులతో నేల తాకి, ఆ చేతులు నుదుటికి ఆనించుకుంది. తర్వాత ఎవరూ ఆపేలోపల రెండు దోసిళ్ళ పేలాలు తీసుకుని తన తలమీద పోసుకుంది. భుజాల మీంచి, చేతుల మీంచి, గుండెల మీంచి వాటిని కిందికి నిమురుకుంటూ కళ్ళు మూసుకుంది.

బుల్లి కెవ్వుమంది. వాకిట్లో ఆడవాళ్ళంతా వెనక్కి జరిగారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు కొందరు, పిల్లల కళ్ళు మూసినవాళ్ళు కొందరు. ఎందుకంటే ఈ వీధిలో పేలాలకి రెండే దారులు. ఒకటి తల్లి పాదాల దగ్గరికి. రెండోది శ్మశానానికి. మనిషి మీద పేలాలు పడ్డాయంటే ఆ మనిషి పాడె మీద ఉన్నట్టే.

గురువమ్మ లేచి నిలబడింది.

"ఏటిది? ఏటి సేస్తన్నావు? బతికున్న మనిసివి, నెత్తిన పేలాలు పోసుకుంటావా! నీకేటన్నా పిచ్చా? నా కూతురికే దక్కనేదు గదే ఆ పేలాలు! నా బంగారు తల్లికి ఒక్క గింజ సల్లనివ్వనేదు! ఆటలాడతన్నావా నాకాడ?"

అంతమంది ముందు జయంతి మాట ఎత్తడం గురువమ్మకి అదే మొదలు. పందిరి కింద తిరుపతిరావు చటుక్కున తల తిప్పి చూశాడు.

రోజమ్మకి మాట అర్థం కాలేదు గానీ కోపం అర్థమైంది. ఆ కోపం వెనకాల ఏముందో కూడా అర్థమైందేమోనని నాకనిపిస్తుంది. చేతులు జోడించి సుభశ్రీ వైపు తిరిగి గబగబా ఏదో అడిగింది. ఆవిడ ఇంగ్లీషు ఆవిడ దేశం ఇంగ్లీషు, ఈ పిల్ల ఇంగ్లీషు కాలేజీ ఇంగ్లీషు. రెండూ మధ్యలో ఎక్కడో తడుముకుంటూ కలుసుకున్నాయి. సుభశ్రీ పేలాల సంగతి చెప్పింది, తన తల్లి సంగతీ చెప్పింది. వింటున్న రోజమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు.

తర్వాత ఆవిడ చెప్పింది. ఒక్కో ముక్కా సుభశ్రీ తెలుగు చేసింది.

"తప్పయిపోనాది, సెమించండి అంటన్నారు అమ్మమ్మా. ఆళ్ళ ఊర్లో కూడా ఓ దేవుడున్నాడంట. ఒమొలు అంటారంట. మసూసికి, రోగాలకి దేవుడంట, మన తల్లిలాగ. సావూ ఆయన సేతిలోనే, నయమూ ఆయన సేతిలోనే. ఒళ్ళంతా పుళ్ళని ఎవరూ దగ్గిరికి రానిచ్చేవోరు కారంట. అందుకని నెత్తి నుంచి కాళ్ళదాకా గడ్డి కప్పుకుని తిరిగేవోడంట. ఓ పండగలో అందరూ ఆడతన్నారంట, ఈయన మాత్రం గుమ్మం కాడ నిలబడిపోనాడంట. అప్పుడు గాలి తల్లి వొచ్చి ఆయన మీదకి ఊదిందంట. గడ్డి ఎగిరిపోనాది. ఒంటి మీద పుళ్ళన్నీ..."

సుభశ్రీ ఆగిపోయింది. చేట వైపు చూసింది.

"సెప్పు అమ్మీ" అంది గురువమ్మ.

"ఒంటి మీద పుళ్ళన్నీ పేలాలైపోనాయంట. తెల్లటి పూలైపోయి నేలంతా రాలిపోనాయంట. అందుకే ఆళ్ళు పేలాల్ని ఆ ముసలాయన పూలు అంటారంట. ఇసకలోనే ఏయిస్తారంట, నూనె తగలకుండా, నీలాగే. రోగమొచ్చినోళ్ళ మీద, దుక్కంలో ఉన్నోళ్ళ మీద పోస్తారంట. సచ్చిపోనోళ్ళని అంపడానికి కాదు, బతికున్నోళ్ళని వెనక్కి తెచ్చుకోడానికి."

మంగలంలో మిగిలిన గింజలు వాటి మానాన అవి పేలుతున్నాయి. నాకు ఇప్పటికీ ఇది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎక్కడి సాల్వడోర్, ఎక్కడి కొరాపుట్! మధ్యన ఎన్ని సముద్రాలు! ఒకరి పేరు ఒకరికి తెలియదు. మాయరోగపు దేవతకి మాత్రం ఇద్దరూ కాల్చిన ఇసకలో తెల్లపూలు పూయించి పెట్టారు. ఎవరు చెప్పారు వీళ్ళకి?

గురువమ్మ మెల్లిగా పీట మీద కూర్చుంది. కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియదు.

"ఆ దేవుడికి పాటున్నాదా?" అని అడిగింది.

ఉంది. అది పాడటానికి ముందు అందర్నీ మాట్లాడకుండా ఉండమంది రోజమ్మ. ఆయన వస్తుంటే కేకలు వేయకూడదట, జేజేలు కొట్టకూడదట. "అతొతో" అంటారట, అంటే ఊరుకోండి, పెద్దాయన వస్తున్నాడు అని. నేల మీద బాసిపట్టు వేసుకుని, చేట పక్కన బోర్లించిన ఇత్తడి గిన్నె మీద వేళ్ళతో మెల్లిగా దరువేస్తూ పాట ఎత్తుకుంది.

ఆ పాటలో మాటలు సుభశ్రీ తెలుగు చేయలేకపోయింది. ఎందుకంటే అది ఇంగ్లీషు కాదు, వాళ్ళ బ్రెజిల్ భాషా కాదు. రోజమ్మ ముత్తవ్వల్ని ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో పట్టుకొచ్చినప్పుడు వాళ్ళు నోట్లో దాచుకుని తెచ్చుకున్న భాష. మాటల్లో సగానికి అర్థం రోజమ్మకే తెలియదు. తాళం మాత్రం తెలుసు. పాట లోతు నుంచి మొదలైంది, బావిలో చేద దిగుతున్నట్టు. పైకి వచ్చేటప్పుడు దాంతోపాటు ఏదో బరువు తీసుకుని వచ్చింది. వినేవాళ్ళకి ఏడుపు రాలేదు. ఏడుపు అయిపోయాక వచ్చే చల్లదనం ఉంటుంది చూడండి, అది వచ్చింది. అంతదాకా పందిట్లో పాటలు మోగిస్తున్న మైకుసెట్టువాడు తనంతట తానే వాటిని ఆపేసి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

పాట అయ్యాక గురువమ్మ అడగాల్సిందే అడిగింది.

"అమ్మీ, ఆయమ్మని ఓ మాటడుగు. మనిసి పోనప్పుడు పాట పాడకపోతే... ఆ పాట ఇంకేటవుతాది? అప్పుడు పాడనేదు. ఇప్పుడు పాడితే ఇంటారా? టయం దాటిపోతాదా?"

సుభశ్రీ అడిగింది. రోజమ్మ చెప్పిన జవాబును తెలుగు చేసింది.

"ఆ ఏడే ఆళ్ళమ్మ కూడా పోనాదంట అమ్మమ్మా, ఆ జబ్బుతోనే. ఆళ్ళ గుడికి పెద్దదంట ఆవిడ. అందర్నీ అంపిన మనిసికి పాట నేకుండానే మట్టి సేసేరంట. తరవాత జబ్బు తగ్గేక అందరూ కూడి, పాడవలిసిన పాటలన్నీ ముందు నుంచి కడదాకా పాడేరంట. ఓడల్లో సచ్చిపోనోళ్ళని సముద్రంలోకి ఇసిరేసేవోరంట అప్పట్లో. పేరు కూడా ఎవరికీ తెల్దు. ఆళ్ళ కోసం ఇప్పటికీ పాడతారంట. పాటకి ఆలీసం నేదంటన్నారు. పోనోళ్ళు ఎక్కడికీ ఎల్లరంట, గుమ్మం కాడే నిలబడి ఉంటారంట, పాడేదాకా."

"గుమ్మం కాడే..." అంది గురువమ్మ. ఇన్నేళ్ళుగా తన కూతురు ఎక్కడుందో ఆవిడకి తెలియలేదు. పడుకుంటే కల్లోకి రాదు, లేస్తే ఇంట్లో కనబడదు. గుమ్మం దగ్గర ఉందన్నమాట. చెప్పులు విప్పుకుని, లోపలికి రమ్మంటారా పొమ్మంటారా అని చూస్తూ. ఆ మాట విన్నాక ఆవిడ గుండెలో కట్టిన గట్టు ఇంక నిలబడలేదు. చేట రెండు చేతులతో ఎత్తి రోజమ్మకి అందించింది.

"పొయ్యి" అంది. "నా మీద పొయ్యి."

"అత్తా, వొద్దు!" అని బుల్లి అడ్డం రాబోయింది. సుభశ్రీ దాని చెయ్యి పట్టుకుని ఆపింది.

రోజమ్మ లేచి నిలబడి పేలాలు పోసింది. నెరిసిన జుట్టు మీద, వంగిన వీపు మీద, ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద. పోస్తూ ఆ పాటే సన్నగా పాడింది. తెల్లపూలు రాలుతుంటే గురువమ్మ కదలకుండా కూర్చుంది. ముఖంలో ముడతలన్నీ ఒక్కొక్కటే విడిపోతున్నాయా అన్నట్టుంది చూసేవాళ్ళకి. రోజమ్మ పాట ఆగింది. ఆగినచోటే, ఊపిరి తీసినంత మామూలుగా, గురువమ్మ నోరు తెరుచుకుంది.

*నడిసెల్లు నా తల్లీ, నా జయంతమ్మీ,*
*తెల్లని పేలాలు తోవంతా పోసినాను,*
*సీకటని బెంగెట్టి సెయ్యట్టుకోకమ్మీ,*
*ముందర మీ అమ్మమ్మ దీపమెట్టుకున్నాది.*

గొంతు మొదట తుప్పు పట్టిన గొళ్ళెంలా గీరింది. రెండో చరణానికి సర్దుకుంది. మూడోదానికి వీధి వీధంతా ఆ వాకిట్లో ఉంది. సాగనంపే పాటకి డప్పు సాయం ఉండాలి, లేకపోతే పోయినవాళ్ళకి అడుగు పడదంటారు. తిరుపతిరావు గుంజ వదిలి లేచాడు. చంకన డప్పుంది, చేతిలో పుల్లలున్నాయి, మొహం మాత్రం దారి తప్పిన పిల్లాడి మొహంలా ఉంది. వచ్చి అత్తగారి పక్కన నిలబడ్డాడు.

"అత్తా" అన్నాడు. ఇన్నేళ్ళకి ఒక్క మాట. "నువ్వు పాడు. నాను కొడతాను."

జయంతికి అందాల్సిన దరువు జయంతికి అందింది. సుభశ్రీ మిగిలిన పేలాలు ఒడినిండా పోసుకుని, గుమ్మం నుంచి వీధి దాకా తల్లికి దారి వేసుకుంటూ నడిచింది. ఆ పిల్ల అంత నిదానంగా నడవడం ఎవరూ చూడలేదు. పాట పూర్తయ్యేసరికి వీధిలో ముక్కు చీదని మనిషి లేడు.

ఒక్కడున్నాడు. ఘటం రెండు చేతులతో పొదివి పట్టుకుని, పందిరి అవతల పోలమ్మ గుడి గుమ్మంలో నిలబడి ఉన్న అప్పలనరసింహం.

"ఏటి గురువమ్మా ఇది!" ఆయన గొంతు పందిరి దాటి వచ్చింది. "పండగ నాడు, తల్లి ఎదట, సావు పాట పాడతావా? ఆ నోటితోనే ఇంక తల్లిని పిలుస్తావేటి? మైల నోటితో పిలిస్తే ఘటం పగుల్తాది! మా తాతల్నాటి కుండ ఇది!"

ఆయనది దురుసు కాదు, భయం. ఆ భయం వీధంతటికీ ఉంది. అప్పటిదాకా కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. పడమటి కొండ మీద పొద్దు ఎర్రగా కూర్చుంది, ఇంక లేచేది కాదు.

గురువమ్మ లేచింది. ఒంటి మీది పేలాలు రాలుతున్నాయి, దులుపుకోలేదు. గుడి దాకా నడిచి అన్నలాంటి ఆ పెద్దమనిషి ముందు నిలబడింది.

"అన్నా, ఇన్నాళ్ళూ ఈ నోరు మూసుకుని ఉన్నప్పుడే మైల. నా గుంటని, నా జయంతిని గుమ్మం కాడ ఒగ్గేసి తల్లిని ఇంట్లోకి ఎలాగ పిలుస్తాను? ఏ మొకం పెట్టుకుని పిలుస్తాను? ఇప్పుడు గుమ్మం కాళీ అయ్యింది. ఇప్పుడు పిలుస్తాను. పగిలితే నా నెత్తినే పగల్నీ."

అని, ఆయన ఒప్పుకున్నాడో లేదో చూడకుండా, కళ్ళు మూసుకుని పిలుపు పాట ఎత్తుకుంది. డప్పు దరువు మారింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మొదటి పలుకు వినబడగానే వీధిలో ముసలివాళ్ళు చేతులు జోడించారు. రోజమ్మ నేలమీద మోకరిల్లి నుదురు మట్టికి ఆనించింది.

అప్పలనరసింహం చేతులు వణకడం మొదలెట్టాయి. కోపానికేమో అనుకున్నారు అందరూ. మోచేతులు దిగిపోతున్నాయి, మెడ నరాలు పొంగుతున్నాయి, నుదుటి మీద చెమట. ఘటంలో ఏమీ పోయలేదు. నీళ్ళు లేవు, బియ్యం లేవు. ఉత్త కుండ. ఆ కుండను చిన్నపిల్లాడైనా ఒంటి చేత్తో ఎత్తగలడు.

"ఒరే తిరుపతీ," అన్నాడు పెద్దాయన. "బేగి రారా, ఓ సెయ్యెయ్యి... నాను మొయ్యలేను. బరువెక్కతంది."